కాలువ గట్టున కాలిన కారు

మా పాత కారు బాగుచేసిన యూసుఫ్ మిస్త్రీ చనిపోయాడని తెలిసి మొన్నీమధ్య బాన్సువాడ వెళ్లాను. ఆయన పోయి అప్పటికే నలభై రోజులు దాటింది, నాకు కబురు ఆలస్యంగా అందింది. ఆయన పెద్దకూతురు నన్ను కూర్చోబెట్టి, చాయ్ ఇచ్చి, తండ్రి చివరి రోజుల సంగతులు చెబుతూ, "మీ కారు ముచ్చట మా అబ్బా ఆఖరిదాంక జెప్పుకుంటనే ఉండె అక్కా. పంతులు సాబ్ కారు నా నాలుగేండ్లు మింగింది అనేటోడు" అని నవ్వింది. నేనూ నవ్వాను. తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాక మాత్రం ఆ నవ్వు పోయి, చాలా ఏళ్ల కిందటి చిరాకు మళ్లీ పైకి లేచింది. ఆ కారు మింగింది మిస్త్రీ నాలుగేళ్లనే కాదు, మా ఇంట్లో అందరి నాలుగేళ్లనూ. ఇంకా నిజం చెప్పాలంటే తప్పు కారుది కూడా కాదు.

మా బాపు బడిపంతులు. అమ్మ నర్సు. పెళ్లికి ముందే ఒక దవాఖానలో పని నేర్చుకుని, తర్వాత ఇంటి నుంచే కాన్పులు చేసేది. సత్తెమ్మ అనే ఆమె పేరు ఊళ్లో ఎవరికీ గుర్తు లేదు, అందరికీ నర్సమ్మే. మా ఇంట్లో పొద్దున లేస్తే మొదట వచ్చేది స్పిరిట్ వాసన. కిరసనాయిలు స్టవ్వు మీద ఒక సత్తుగిన్నెలో కత్తెరలు, దారాలు, రబ్బరు తొడుగులు ఉడుకుతూ ఉండేవి. పక్కనే ఇంకో గిన్నెలో చాయ్. ఏ గిన్నె ఏదో చూసుకోకుండా మూత తీస్తే అమ్మ చేతి మీద ఒకటి వేసేది. నాయినమ్మ గడప మీద కూర్చుని చుట్ట కాల్చుకుంటూ, "ఇది ఇల్లా దవాఖాననా?" అని రోజుకొకసారి అడిగేది. దానికి ఎవరూ జవాబు చెప్పేవారు కాదు, ఆమె కూడా జవాబు కోసం చూసేది కాదు. పుణ్యం కొద్దీ ఎవరి కాన్పన్నా బాగా జరిగిందని వింటే మాత్రం, అది తన కోడలి చేతి గుణమని వీధంతా చెప్పి వచ్చేది.

అమ్మ కోసం మనుషులు ఎక్కడెక్కడి నుంచో వచ్చేవారు. వర్ని పక్క కాలువ కింది ఊళ్ల నుంచి, నస్రుల్లాబాద్ దాటి తండాల నుంచి ఎడ్లబండి కట్టుకునో, సైకిలు మీదనో వచ్చి గుమ్మం ముందు నిలబడేవారు. బండి మీద పోయేసరికి ఒక్కోసారి బిడ్డ పుట్టేసి ఉండేది, ఒక్కోసారి ఇంకేమో అయిపోయి ఉండేది. అది చూడలేకనే బాపు కారు కొన్నాడు. కనీసం ఆయన చెప్పే కారణం అదే. బోధన్ నుంచి బదిలీ అయిపోతున్న ఒక ఇంజనీరు తన పాత ఇంగ్లీషు కారును వదిలించుకుంటుంటే బాపు తెచ్చుకున్నాడు. నల్లగా, గుండ్రటి దీపాలతో, ముందు బానెట్టు రెండు పక్కలకూ రెక్కల్లా తెరుచుకునే కారు. లోపల చెక్క పలక, తోలు సీట్లు. అది వచ్చిన రోజు నుంచి మా ఇంట్లో రెండో వాసన మొదలైంది, పెట్రోలు. సెలవు రోజుల్లో, బడి వదిలాక, బాపు అమ్మను కారులో తీసుకుపోయేవాడు. కాలువ గట్టు మీద ఆ కారు పోతుంటే నాట్లేస్తున్న ఆడవాళ్లు నడుము ఎత్తి చూసేవారు. అమ్మ సంచి ఒళ్లో పెట్టుకుని ముందు సీట్లో నిటారుగా కూర్చునేది. కారు అలా నడిచిన రెండేళ్లు ఆమె మొహంలో ఉన్న గర్వం తర్వాత నేను మళ్లీ అంతగా చూడలేదు.

కారు కాలిన ఎండాకాలం నాకు పద్నాలుగేళ్లు. ఒక పొద్దున బాపు బానెట్టు ఎత్తి, పెట్రోలు పోయే గొట్టం దగ్గర రబ్బరు చీలి చుక్కలు కారుతున్నాయని కనిపెట్టాడు. మిస్త్రీ దగ్గరికి పోదామని నేనన్నాను. "గింత దానికి మిస్త్రీ ఎందుకే?" అని బాపు పాత సైకిలు ట్యూబు ముక్క కోసి, గొట్టం మీద చుట్టి, "గీ తీగ గట్టిగ పట్టుకో బిడ్డా" అని నా చేతికి ఇచ్చి, పటకారతో మెలిపెట్టాడు. చుక్కలు ఆగాయి. ఆయన మొహం వెలిగిపోయింది. నాకూ గొప్పగానే అనిపించింది.

ఆ మధ్యాహ్నం వర్ని దాటి ఒక ఊళ్లో కాన్పు ముగించుకుని ముగ్గురం తిరిగి వస్తున్నాం. కాలువ గట్టు మీదికి ఎక్కగానే ముందు నుంచి ఏదో కమిలిన వాసన, ఆ వెంటనే బానెట్టు సందుల్లోంచి పొగ. బాపు కారు ఆపి దిగి అటూ ఇటూ తిరిగాడు తప్ప చెయ్యి పెట్టలేదు. అమ్మ కొంగు చుట్టుకుని బానెట్టు పక్క రెక్క ఎత్తింది. కొంగు జారింది. అరచేయి కాలే ఇనుముకు అంటుకుంది. ఆమె అరవలేదు. "మన్ను పొయ్యండ్రి! మన్ను!" అని మాత్రం అంది. బాపు అప్పటికే డబ్బా తీసుకుని కాలువలోకి దిగాడు. "నీళ్లు వద్దు, నీళ్లు వద్దు" అని అమ్మ అంటూనే ఉంది, ఆయన డబ్బా నిండా నీళ్లు తెచ్చి మంట మీద గుమ్మరించాడు. పెట్రోలు నీళ్ల మీద తేలి మంట కిందికి పారింది, చక్రం పక్క రంగు బుడగలు కట్టింది. చివరికి అమ్మ ఎడమ చేత్తో, నేను రెండు చేతులతో, గట్టు మన్ను దోసిళ్లతో పోసి ఆర్పాం. అంతా చల్లబడ్డాక బాపు కారు ముందు చతికిలబడి, "ఎండలు జూసినవా ఎట్లున్నయో. ఇనుము గూడ అంటుకుంటున్నది" అన్నాడు. అమ్మ తన చేయి వైపు చూసుకుంటోంది. నేను ట్యూబు ముక్క ఉండాల్సిన చోటుకు చూశాను. అక్కడ నల్లటి జిగురు ఉంది.

అమ్మ కుడి అరచేయి మానడానికి రెండు నెలలు పట్టింది. ఆ రెండు నెలలూ ఆమె కాన్పులు చేయలేదు. వీధిలో ఒక మాట ఎలా పుట్టిందో తెలియదు కానీ పుట్టింది: నర్సమ్మ సంచిలో స్పిరిట్ సీసా పగిలి కారు అంటుకుందట. బాపుతో పాటు బడిలో పనిచేసే ఒకాయన మా అరుగు మీద కూర్చుని, "సంచిల స్పిరిట్ ఉండెనంట గద రాజలింగం?" అని అడిగినప్పుడు నేను లోపల గుమ్మం పక్కనే ఉన్నాను. బాపు, "ఏమో, ఎండలు గట్లున్నయి మరి" అన్నాడు. అవుననలేదు. కాదనలేదు. లోపల కట్టు కట్టిన చేత్తో బియ్యం ఏరుతున్న అమ్మకు ఆ మాట వినబడింది. ఆమె ఏరడం ఆపలేదు. చేయి మానాక కూడా కొన్ని ఇళ్ల వాళ్లు ఆమెను పిలవలేదు. మంట పెట్టుకుని తిరిగే మనిషి పచ్చి బాలింతల దగ్గరికి ఎందుకన్నారట. తెలిసిన నేను మాత్రం ఏం చేశాను? తీగ పట్టుకున్న చేతులు నావే కనుక నోరు మూసుకున్నాను.

బాపుకు మాత్రం ఒకటే పట్టింపు, కారు మళ్లీ నడవాలి. ఎడ్లను కట్టి దాన్ని ఇంటి ముందు వాకిట్లోకి లాగించాడు. అమ్మ ఒక్కసారే, "పాత ఇనుము కొనెటోనికి ఇచ్చెయ్యరాదూ" అంది. ఆయన విననట్టే ఉన్నాడు. యూసుఫ్ మిస్త్రీ వచ్చి బానెట్టు రెక్కలు రెండూ విప్పదీసి చాలా సేపు చూశాడు. వైర్లన్నీ బూడిద. పెట్రోలూ గాలీ కలిపే కార్బొరేటరు కరిగి ముద్దయింది. రబ్బరు అన్నది ఎక్కడా మిగల్లేదు. "సబర్ చెయ్యాలె సాబ్, ఓపిక గావాలె. గిది పెండ్లి గాదు, మూడు రోజుల్ల అయిపోనీకి" అన్నాడు. వైర్లకే ఆరు నెలలు పట్టింది. ఏ వైరు ఎక్కడికి పోయేదో ఎవరికీ తెలియదు, కాగితం లేదు, ఆ కారు లాంటిది ఇంకొకటి చుట్టుపక్కల లేదు. బాపు బడి నుంచి వచ్చి కాళ్లు కూడా కడుక్కోకుండా కారు కిందికి దూరేవాడు. అన్నం చల్లారిపోయేది. నాయినమ్మ కారును చూసి కొన్నాళ్లు ఏడ్చింది, తర్వాత దాని పైకప్పు మీద మిరపకాయలు ఎండబోయడం మొదలుపెట్టింది. ఒక కోడి వెనక సీటు చిరుగులో గుడ్లు పెట్టి పొదిగింది. పిల్లలు లేచేదాకా లోపల పని చేయడానికి వీల్లేదని నాయినమ్మ పట్టుబట్టడంతో ఇరవై రోజులు మిస్త్రీ రాకుండా పోయాడు.

వైర్లు అయ్యాక అసలు సంగతి బయటపడింది. ఇంజనుకు పైన మూతలా బిగించే తల మీద, వెంట్రుక మందాన, ఒక పగులు. మిస్త్రీ దాని మీద కిరసనాయిలు గుడ్డతో రుద్ది, తుడిచి, సుద్దపొడి చల్లి చూపించాడు. తడి గీత పైకి తేలింది. "మంటకు గాదు సాబ్ పగిలింది. మండుతున్న ఇనుము మీద సల్లనీళ్లు వడ్డయి. ఎవలు పోసిండ్రు నీళ్లు?" అని అడిగాడు. బాపు దూరంగా చూస్తూ, "ఆ గడబిడల ఎవలు ఏం జేసిండ్రో ఎవలకెరుక" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. అక్కడున్నది ముగ్గురమే, ఎవరికెరుక అంటే ఎలా? ఆ పగులుకు నిజామాబాదులో వెల్డింగు పెట్టించారు. తెచ్చి బిగిస్తే రెండో రోజుకు నీళ్లు ఇంజనులోకి దిగాయి. మళ్లీ విప్పి మళ్లీ వెల్డింగు పెట్టించారు. ఈసారి వారం ఆగింది. నాందేడ్‌లో అలాంటి కారు ముక్కలు ఉన్నాయని ఎవరో చెబితే బాపు కాగితం మీద ఇంజను తల అచ్చు గీసుకుని, సెలవు పెట్టి, బస్సులు మారి పోయాడు. గోనెసంచిలో చుట్టి, పసిబిడ్డను మోసినట్టు మోసుకొచ్చాడు. మిస్త్రీ దాన్ని ఇంజను మీద పెట్టాడు. బోల్టు రంధ్రాలన్నీ కలిశాయి, ఒక్కటి తప్ప. ఆ ఒక్కటి అర అంగుళం పక్కన ఉంది. బాపు బోల్టులు తిప్పే పాన చేతిలో పట్టుకుని అలాగే నిలబడ్డాడు. మిస్త్రీ మాత్రం తన పనిముట్లు ఒక్కొక్కటే సంచిలో వేసుకుని, "నేను ఇంటికి వోతున్న. ఇయ్యాల నా నోట మంచి మాట రాదు" అని వెళ్లిపోయాడు.

ఈ లోపల అమ్మ ఎడ్లబండ్ల మీద, బస్సుల్లో, ఎవరిదో సైకిలు వెనక కూర్చుని, తనను ఇంకా పిలిచే ఇళ్లకు పోతూనే ఉంది. ఒక వానాకాలం కాలువ పక్క బురదలో బండి దిగబడి, ఆమె చేరేసరికి ఆలస్యమైంది. తల్లి దక్కింది, బిడ్డ దక్కలేదు. ఆ సాయంత్రం ఆమె ఇంటికి వచ్చి, వాకిట్లో కారు కింద నుంచి పొడుచుకొచ్చిన బాపు కాళ్లను దాటుకుని లోపలికి వచ్చి, స్నానం చేసి, గోడ వైపు తిరిగి పడుకుంది. బాపు కారు కింద నుంచే, "వచ్చినవా?" అని అడిగాడు. ఆ వెంటనే మళ్లీ పానతో చప్పుడు మొదలుపెట్టాడు. ఆ చప్పుడు విన్నప్పుడు నాకు ఆ కారును మళ్లీ తగలబెట్టాలనిపించింది. ఒక్క మాట చెప్పడానికి చేతగాని మనిషి, వెయ్యి ముక్కలు విప్పి బిగించడానికి మాత్రం ఎక్కడి ఓపిక తెచ్చుకుంటున్నాడా అనుకున్నాను.

సరైన ఇంజను తల చివరికి హైదరాబాదులో పాత సామాన్ల బజారులో దొరికింది. నాలుగో ఏడు చలికాలంలో ఒక పొద్దున మిస్త్రీ హ్యాండిలు పెట్టి తిప్పితే ఇంజను రెండుసార్లు దగ్గి, మూడోసారి అందుకుంది. వీధి వీధంతా వచ్చింది. మిస్త్రీ కళ్లు తుడుచుకున్నాడు. నాయినమ్మ చుట్ట పారేసి దిష్టి తీసింది. బాపు ముందు తలుపు తెరిచి పట్టుకుని అమ్మ కోసం చూశాడు. అమ్మ గుమ్మంలో నిలబడి, "నాకు పొయ్యి మీద పప్పున్నది" అని లోపలికి వెళ్లింది. ఆ రోజే కాదు, ఆ తర్వాత మూడు నెలలూ ఆమె కారెక్కలేదు. పిలుపు వస్తే కారు పక్క నుంచే నడిచి పోయి బండెక్కేది. బాపు వెనకాల ఖాళీ కారు నడుపుకుంటూ కొంత దూరం పోయి తిరిగి వచ్చేవాడు. భయపడుతోందని ఊరంతా అనుకున్నారు. నేనూ అలాగే అనుకున్నాను.

ఒక ఉదయం నస్రుల్లాబాద్ అవతలి తండా నుంచి గోప్యా అనే అతను సైకిలు తొక్కుకుంటూ వచ్చాడు. చెమటతో తడిసిపోయి ఉన్నాడు. "నర్సమ్మా, నా పెండ్లానికి నిన్నటి సంది నొప్పులు. బిడ్డ అడ్డం ఉన్నదంటున్రు. జల్ది రా తల్లీ" అన్నాడు. బండి కడితే చేరేది మధ్యాహ్నానికి. అప్పుడే ఏదో పని మీద వచ్చిన యూసుఫ్ మిస్త్రీ, పక్కింటి వాళ్లు, అందరూ కారు వైపు చూశారు. బాపు కారు స్టార్టు చేసి దిగి నిలబడ్డాడు. అమ్మ సంచి తీసుకుని వచ్చింది, కారు తలుపు దాకా వచ్చి ఆగింది. సంచిలో చేయి పెట్టి స్పిరిట్ సీసా తీసి నాకు అందించింది.

"గిది ఇంట్ల పెట్టిరా సుగుణా. గిది ఉంటే కారు అంటుకుంటదంట గద."

"స్పిరిట్ లేకుంట ఎట్ల జేస్తవ్ అమ్మా?" అన్నాను.

"ఏమో మరి. ఊరందరు అంటున్నరు. మీ బాపు గూడ కాదనలేదు."

గోప్యా అమ్మ మొహమూ బాపు మొహమూ మార్చి మార్చి చూస్తున్నాడు, అతనికి ఏమీ అర్థం కావడం లేదు. ఇంజను తిరుగుతూనే ఉంది. బాపు చేతులు తుడుచుకునే గుడ్డతో లేని మురికిని తుడుచుకున్నాడు. తర్వాత తల ఎత్తకుండా, కానీ అందరికీ వినబడేటట్టే అన్నాడు: "స్పిరిట్ తోటి కాలేదు. పెట్రోలు గొట్టానికి నేనే సైకిల్ ట్యూబు ముక్క కట్టిన. అది కరిగిపోయింది. నీళ్లు గూడ నేనే పోసిన, ఆమె వద్దంటున్నా వినకుంట. ఆమె తప్పు ఏం లేదు. ఆమెనే ఆర్పింది."

యూసుఫ్ మిస్త్రీ నెమ్మదిగా, "నాలుగేండ్లు, సాబ్" అన్నాడు, అంతే. అమ్మ నా చేతిలోంచి సీసా తీసుకుని సంచిలో పెట్టుకుంది. ముందు సీట్లో కూర్చుని, "పోనియ్యి. గీడ నిలవడితే అక్కడ బిడ్డ ఆగుతదా?" అంది.

గోప్యా వెనక కూర్చున్నాడు, అతని పక్కన నేను. చేరేసరికి ఆ తల్లి బాగా అలిసిపోయి ఉంది. అమ్మ లోపలికి పోయి రెండు గంటలు బయటికి రాలేదు. బాపు తండా మధ్యలో కారు పక్కన నిలబడి, పిల్లలు దీపాలు తడుముతుంటే వద్దనకుండా, ఆ గుడిసె తలుపే చూస్తూ ఉన్నాడు. చివరికి లోపల నుంచి ఏడుపు వినబడింది. అమ్మ బయటికి వచ్చి చేతులు కడుక్కుని, "ఆడపిల్ల. ఇద్దరు మంచిగున్నరు" అని చెప్పి, కారులో కూర్చుని కళ్లు మూసుకుంది. తిరిగి వస్తుంటే సగం దారిలో ఇంజను వేడెక్కి ఆవిరి చిమ్మింది. కారు ఆపాక బాపు గబుక్కున, "రేడియేటరు మూత నేనే సరిగ్గ పెట్టలే" అన్నాడు, ఎవరూ అడగకముందే. అమ్మ కళ్లు తెరిచి ఆయన వైపు చూసింది. "గా ట్యూబు ముచ్చట గప్పుడే జెప్తే నేను గప్పుడే ఎక్కుదును. నీ ఇంజన్ కోసమా నేను చూసింది?" అంది. "జెప్తే పంతులు గిట్ల జేసిండని నవ్వుతరేమో అనుకున్న" అన్నాడు బాపు. "నన్ను తిడితే మాత్రం మంచిగుండెనా?" అంది అమ్మ. చల్లారేదాకా ముగ్గురం తుమ్మచెట్టు నీడలో, ఒకరి మొహం ఒకరం చూసుకోకుండా కూర్చున్నాం.

మిస్త్రీ తన దుకాణానికి వచ్చిన ప్రతివాడికీ ఆ మాట చెప్పాడు, వారం తిరిగేసరికి ఊరి మాట మారిపోయింది. పిలవడం మానేసిన ఇళ్ల వాళ్లు మళ్లీ వచ్చారు. అమ్మ ఎవరినీ ఎత్తిపొడవలేదు, పోయి పని చేసి వచ్చింది. కారు మరి కొన్నేళ్లు నడిచింది, ఎక్కువగా ఆగుతూ, కొంచెం నడుస్తూ. ఇప్పుడు మా ఇంట్లో ఉన్న కారు ఆగిపోతే ఫోను చేస్తాం, చేతికి నూనె అంటని ఒక యువకుడు వచ్చి దాన్ని లాక్కుపోతాడు, సాయంత్రానికి తిరిగి తెస్తాడు. ఏం చెడిందో మేం అడగం, తప్పెవరిదో తేల్చుకోవాల్సిన పని రాదు. ఇది సుఖమే, కాదనను. అప్పటి రోజులు బంగారమని చెప్పడానికి నాకు మనసొప్పదు. ఒక మాట కోసం నాలుగేళ్లు ఎదురుచూసిన ఇల్లు మాది, అందులో ఒక పసిప్రాణం కూడా పోయింది. అయితే ఈ ఇంట్లోనూ, మా వారూ నేనూ ఏదో ఒకదానికి నెలల తరబడి ముభావంగా తిరుగుతాం. ఇక్కడ విప్పి బిగించడానికి కారు కూడా లేదు.

బాపు పోయాక అమ్మ కొంతకాలం నా దగ్గర ఉంది. ఒక మధ్యాహ్నం ఇద్దరం చిక్కుడుకాయల ఈనెలు తీస్తుండగా, ఇన్నేళ్లూ దాచుకున్నది చెప్పేశాను. ట్యూబు ముక్క కట్టేటప్పుడు తీగ పట్టుకున్నది నేనేనని, తెలిసీ ఎవరితోనూ అనలేదని.

"నాకు ఎరుకనే. ఆ పొద్దు నీకు జడ ఏస్తుంటే నీ చేతులు పెట్రోలు వాసన గొట్టినయి" అంది అమ్మ, చేతిలో పని ఆపకుండా.

నాకు కోపమే వచ్చింది. "మరి నన్ను ఒక్కసారన్నా అడగొచ్చు కదమ్మా? నేను చెప్పేదాన్ని. ఆ నాలుగేళ్లు నీకు ఆ మాట పడే బాధ తప్పేది."

"నువ్వు జెప్తవనే అడగలే" అంది. "నువ్వు జెప్పినంక ఆయన జెప్పేటిది ఏముంటది?"